శిలాతోరణమా, ఘాట్ రోడ్డు కొండచరియా?

ఏడో తరగతి పిల్లలకు రాళ్ల పాఠం కళ్లారా చూపించాలంటే తిరుమలలో రెండు చోట్లున్నాయి. అందరూ తీసుకెళ్లేది శిలాతోరణానికే. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఆ రాతి వంపును గాలీ వానా చెక్కాయంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. సెల్ఫీలూ అయిపోతాయి.

నా ఓటు మాత్రం ఘాట్ రోడ్డుకే. బస్సు ఆపడం కుదరదు, కిటికీలోంచే చూడాలి, పైగా మలుపుల్లో సగం మందికి వాంతులు. అయినా సరే. కింద పొరల్లేని గ్రానైట్, దానిపైన పుస్తకాలు పేర్చినట్టు పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుకే గట్టిపడి అలా అయింది. ఆ రెండూ కలిసే గీత దగ్గర కనీసం 50 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు, అంటే ఆ మధ్యకాలపు రాళ్లే అక్కడ లేవు! మొన్న మావాడికి చూపిస్తే, "మధ్యలో పేజీలు చిరిగిపోయాయా నాన్నా?" అన్నాడు.