నాస్ కొంటున్నారా? "అంతా ఆటోమేటిక్ సార్" అన్నారని బిల్లు మొత్తం కట్టేయకండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు నాస్ బాక్స్ (ఆఫీసులో అందరి ఫైళ్లూ ఒకేచోట దాచి, నెట్‌వర్క్ మీద తెరుచుకునే డిస్కుల పెట్టె) కోసం వెళ్తున్న ఫొటో స్టూడియోల వాళ్లు, చిన్న ఆఫీసుల వాళ్లు ఒకసారి ఇది చదవండి. డీలర్ పేరు రాయడం లేదు. ఇలా సెట్ చేసి చేతులు దులుపుకునేది ఆయనొక్కడే అని నేననుకోను.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి ఫొటోల పని. 4 టీబీ డిస్కులు రెండు మిర్రర్‌లో (ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ అలాగే పడేలా) పెట్టి, బ్యాకప్, స్నాప్‌షాట్ (ఫైళ్లు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో పట్టి ఉంచేది), స్క్రబ్ అన్నీ టైముకి వాటంతటవే జరిగేలా షెడ్యూల్ చేసిస్తామని విడిగా డబ్బులు తీసుకున్నారు. వచ్చిన కుర్రాడు స్క్రీన్ మీద లిస్టు చూపించాడు. ప్రతి టాస్క్ పక్కనా పచ్చ టిక్కు. "మీరు ముట్టుకోనక్కర్లేదు సార్" అన్నాడు.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాక ఆదివారం వచ్చిందంటే చాలు, పొద్దున షట్టర్ ఎత్తగానే ఫైళ్లు నత్తనడక. మా డిజైనర్ ఒక ఫోల్డర్ క్లిక్ చేసి, కిందికెళ్లి చాయ్ తాగి వచ్చేవాడు. ఫోన్ చేస్తే "కేబుల్ మార్చండి సార్" అనేవారు. చివరికి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా తమ్ముడు చూస్తే బాక్స్ టైమ్‌జోన్ యూటీసీలో ఉంది, అంటే మనకన్నా 5:30 గంటలు వెనక. తెల్లవారుజామున 5కి పెట్టిన స్క్రబ్ మనకు 10:30కి మొదలవుతోంది! అది డిస్కుల్లో ఉన్న డేటా అంతా చదివి సరిచూసే పని, గంటల తరబడి నడుస్తుంది. కావాల్సిన పనే, కానీ మాలాంటి వాళ్లకు నెలకోసారి, పని లేని టైములో చాలు.

అదైతే మార్చుకుంటే పోయేది. అసలు దెబ్బ బ్యాకప్‌లో ఉంది. రోజూ తీస్తున్నది అవే డిస్కుల్లో ఇంకో ఫోల్డర్‌లోకి! బాక్స్ కాలిపోతే అసలూ పోతుంది, కాపీ కూడా పోతుంది. మిర్రర్ ఉందిగా అంటారేమో. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండో డిస్కులోనూ అప్పుడే పోతుంది, అదెలా బ్యాకప్ అవుతుంది? ఇక టాస్క్ ఫెయిలైతే రావాల్సిన మెయిల్ డీలర్ ఐడీకి పోతోంది. సరిచేయమంటే "అది ఏఎంసీలో వస్తుంది సార్" అని జవాబు, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు విడిగా తీసుకోవాలట.

కాబట్టి మిగతా డబ్బు ఇచ్చే ముందు ప్రతి టాస్క్‌నీ మీ ఎదుటే రన్ చేయించి లాగ్ (ఏ టాస్క్ ఎప్పుడు నడిచిందో, ఏమైందో రాసి ఉండే చిట్టా) తెరిపించండి. పచ్చ టిక్కు అంటే టాస్క్ ఆన్‌లో ఉందని మాత్రమే. చివరిసారి ఎప్పుడు నడిచింది, పూర్తయిందా లేదా అన్నది చూడాలి. బ్యాకప్ ఇంకో యూఎస్‌బీ డిస్కుకో, ఇంకో చోటికో వెళ్లాలి. దాని నుంచి ఒక పాత పెళ్లి ఫోల్డర్ రిస్టోర్ చేయించి ఫొటోలు తెరిచి చూడండి. రాత్రి మెయిన్ ఆపేసి వెళ్లే షాపైతే రాత్రి టాస్కులు నడవనే నడవవు, లంచ్ టైముకి పెట్టించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి.

ఇవన్నీ బిల్లు మీద రాయించుకోండి. మా బిల్లులో ఉన్నది 'ఇన్‌స్టలేషన్' అన్న ఒక్క మాటే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేద్దామని కూర్చుంటే, ఏం ఒప్పుకున్నారో చూపించడానికి వాట్సాప్ మెసేజ్‌లు వెతుక్కోవాల్సి వస్తోంది.