జాగ్రత్త: రంభలో డాల్ఫిన్లు చూపిస్తామనే గైడులు

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి సెలవులకు ఒడిశాలోని చిలకా సరస్సు చూడ్డానికి వచ్చేవాళ్లకు బరంపురం స్టేషన్ దాటీ దాటకముందే ఒక పిలుపు వినిపిస్తుంది. “మనవాళ్లమేనండీ! రంభలో డాల్ఫిన్లు, పక్షుల దీవి, కాళీజాయి గుడి, అంతా కలిపి ఒకటే రేటు.” తెలుగులో పలకరించాడు కదా అని అక్కడికక్కడే ఫోన్‌లో అడ్వాన్సు కొట్టేయకండి. బరంపురంలో ఆటోవాళ్ల దగ్గర్నుంచి కొట్లవాళ్ల దాకా తెలుగు వచ్చినవాళ్లు బోలెడుమంది. భాష కోసమే అయితే ఇక్కడ గైడుకు డబ్బు పెట్టనక్కర్లేదు.

చిలకాలో ఇరావడీ డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేది పూరీ జిల్లా సాతపడ దగ్గర, సరస్సు నీరు సముద్రంలోకి పోయే పాయలో. రంభ ఉన్నది దక్షిణపు కొసన, గంజాం జిల్లాలో. రంభ రేవులో పడవెక్కించి, గంటో గంటన్నరో దీవుల చుట్టూ తిప్పి, “ఈరోజు పైకి రాలేదండీ” అంటారు. వాటి చోటికే తీసుకెళ్లకపోతే పైకెలా వస్తాయి? ఇంకో గుర్తు చెప్తాం. ఈ డాల్ఫిన్‌కు పొడుగు మూతి ఉండదు, తల గుండ్రంగా ఉంటుంది. నీళ్ల మీద వీపు కాస్త మెరిసి మునిగిపోతుంది. గాల్లోకి ఎగిరి పల్టీ కొడుతున్న ఫొటో వాట్సాప్‌లో పంపాడంటే అది ఎక్కడో సముద్రంలో తీసినదే అనుకోండి.

దీవి మీదున్న కాళీజాయి గుడికి పడవలు ఎక్కువగా బర్కుల్ నుంచి వెళ్తాయి, దిగాల్సిన స్టేషన్ బాలుగావ్. రంభలో చూసేవి వేరే చిన్న దీవులు. అన్నీ ఒకే పూటలో అన్నవాడిని, ఏ రేవులో ఎక్కి ఏ రేవులో దిగుతామో అడగండి, తడబడతాడు. నలబణ పక్షుల దీవి మీద దింపుతామంటే అసలే ఒప్పుకోకండి. అది 1987 నుంచి అభయారణ్యం, దాని మీద కాలు పెట్టకూడదు. దూరం నుంచి చూడ్డమే.

సాతపడ దాకా వెళ్లినవాళ్లకు అసలు బేరం సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బ మీద ఎదురవుతుంది. పడవ ఆగగానే ఒకతను బుట్టెడు ఆలుచిప్పలతో వస్తాడు. “చూడ్డానికి డబ్బులక్కర్లేదు” అంటూ ఒకటి పగలగొడతాడు, ముత్యం దొర్లుతుంది. ఇంకోదాంట్లో ఎర్ర పగడం. అదృష్టం బాగుంటే నీలం కూడా! పగడం అన్నది సముద్రపు అడుగున గుంపులుగా బతికే చిన్న జీవులు కట్టుకునే గూడు, చిప్పలో పుట్టదు. నీలం గనిలో దొరికే రాయి. ఈ రెండూ చిప్పలోంచి వచ్చాయంటే ముత్యం ఎలా వచ్చిందో వేరే చెప్పాలా? ముందే దూర్చి మూసిన పూసలవి. నిజం ముత్యమైతే మాంసంలో ఇరుక్కుని ఉంటుంది, ఇలా గోలీలా జారిపడదు. పంటి అంచుకు రాస్తే సన్నని ఇసుకలా గరగరలాడాలి. నున్నగా జారితే గాజో ప్లాస్టిక్కో. గైడు పక్కన నిలబడి “తీసుకోండమ్మా, ఊళ్లో పదింతలు పలుకుతుంది” అన్నాడంటే, అందులో అతనికీ కమీషన్ ఉందని లెక్క.

“అంతా కలిపి” అన్న మాట మీదే తగువులు ఎక్కువ. మీరు పడవ కూడా అందులోనే ఉందనుకుంటారు, అతను కారూ తనూ మాత్రమే అంటాడు. అందుకే బయల్దేరకముందే వాట్సాప్‌లో రాయించుకోండి: పడవ అద్దె ఎవరిది, పడవ మొత్తం మనకేనా లేక వేరేవాళ్లతో కలిపా, నీళ్ల మీద ఎన్ని గంటలు, పార్కింగు, టోలు, గైడు భోజనం ఎవరి ఖాతా. అడ్వాన్సు పావు వంతు దాటనివ్వకండి. డబ్బు పంపే ముందు ఫోన్‌లో కనిపించే పేరూ అతని గుర్తింపు కార్డు మీది పేరూ ఒకటేనో కాదో చూడండి. రంభలో, బర్కుల్‌లో ఒడిశా పర్యాటక సంస్థ వాళ్ల పాంథనివాస్‌లు, అంటే బస హోటళ్లు, ఉన్నాయి. పడవ రేటు ముందు అక్కడ కనుక్కుంటే బయట బేరానికి ఒక కొలత దొరుకుతుంది. ఎక్కేటప్పుడు మనుషుల్నీ లైఫ్ జాకెట్లనూ లెక్కపెట్టండి, పిల్లల సైజువి విడిగా.

గైడు పనికొచ్చే చోట్లూ లేకపోలేదు. మంగళాజోడిలో పక్షుల కోసమైతే పడవ నడిపే ఊరివాళ్లే గైడులు. ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన ఊరు, ఇప్పుడు కాపలా కాస్తోంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, తెల్లవారే వేళకు వెళ్లండి. బరంపురం నుంచి ఇంకొకరిని వెంటేసుకెళ్లడం దండగ.

పురుషోత్తంపురం దగ్గర జౌగడ అశోక శాసనానికి మాత్రం తెలిసినవాడు ఉంటే బాగుంటుంది. మాట్లాడుకునే ముందు ఒక ప్రశ్న వేయండి: “ఈ రాయి మీద కళింగ యుద్ధం గురించి ఏం రాసుంది?” లక్షమంది చనిపోయారని ఇక్కడే చెక్కారని గడగడా చెప్పేస్తే అతన్ని వదిలేయండి. ఆ సంగతి ఉన్న అశోకుడి 13వ శాసనం జౌగడలోనూ లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేదు. దానికి బదులు కళింగ ప్రజల కోసం విడిగా రెండు శాసనాలు చెక్కించారు. ఈ ముక్క చెప్పగలిగినవాడికి అడిగినంత ఇవ్వొచ్చు.

ఇప్పటికే మోసపోయి ఉంటే, డబ్బు పంపిన స్క్రీన్‌షాటూ వాట్సాప్ మాటలూ చెరపకుండా ఉంచి, 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.