ఓల్డ్‌హామ్ థియేటర్ కోసం ఆరు రోజుల సింగపూర్

విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది కనుక ప్రయాణం గురించి మాకు పెద్ద బెంగ లేకపోయింది. ఆలోచించవలసి వచ్చిందల్లా ఏ రోజు ఏ సినిమా ఆట చూడాలి, ఆ ఆటకు దగ్గరగా ఎక్కడ దిగాలి అన్న రెండు సంగతులే. ఆసియా చిత్రాలను భద్రపరిచే అక్కడి సంస్థ ఏషియన్ ఫిల్మ్ ఆర్కైవ్ వారు తమ ఓల్డ్‌హామ్ థియేటర్‌లో పాత ఆసియా చిత్రాలను వరుసగా ప్రదర్శిస్తున్నారని తెలిసి, ఆ పట్టికను ముందు పెట్టుకుని, దాని చుట్టూ ఆరు రోజులు అల్లుకున్నాం. వెళ్ళింది నేనూ, మా బావగారూ. ఆయన అనకాపల్లి దగ్గర ఒక సినిమా హాల్లో ఇరవై ఆరేళ్ళు ఆపరేటరుగా పనిచేసి, ఫిల్ము ప్రింట్లు ఆగిపోయి డిజిటల్ వచ్చాక ఇంటికి చేరినవారు. సెంటోసా దీవిలోని వినోదాలు మేము చూడలేదు కనుక, వాటి వివరాల కోసం చదివేవారికి ఇందులో ఏమీ దొరకదు.

వీసా ముందుగానే తీసుకోవాలి. అధీకృత ఏజెంటు ద్వారా అది వారం లోపే వచ్చింది. దిగడానికి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపవలసిన అరైవల్ కార్డు ఒకటుంది. అది పూర్తిగా ఉచితం. అయితే ప్రభుత్వ సైటును పోలిన సైట్లు కొన్ని అదే ఫారానికి డబ్బు అడుగుతాయి కాబట్టి చిరునామా సరిచూసుకుని నింపడం మంచిది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి ఎనిమిది గంటల ఆట మన ఒంటికి సాయంత్రం ఐదున్నరే కావడంతో, అరవై దాటిన బావగారు కూడా ఏ ఆటలోనూ కునుకు తీయలేదు.

చాంగీ విమానాశ్రయం నుంచి ఊరిలోకి మెట్రోలో వచ్చాం. మన దేశపు వీసా, మాస్టర్‌కార్డు రకం బ్యాంకు కార్డులను నేరుగా గేటు దగ్గర తాకిస్తే సరిపోతుంది గానీ, విదేశీ కార్డుకు వాడిన ప్రతిరోజూ అరవై సెంట్లు అదనంగా పడతాయి. దానికి బదులు అక్కడి రవాణా కార్డు కొంటే కార్డు ఖరీదే ఐదు సింగపూర్ డాలర్లు, అది తిరిగి రాదు. ఆరు రోజులకు అరవై సెంట్ల చొప్పున మూడు డాలర్ల అరవై సెంట్లే కనుక మాకు బ్యాంకు కార్డే నయమనిపించింది. పది రోజులు ఉండేవారికి, తమ బ్యాంకు మారకపు రుసుము గట్టిగా వసూలు చేసేవారికి ఈ లెక్క తిరగబడుతుంది. రైళ్ళు అర్ధరాత్రి దాకా నడుస్తాయి కాబట్టి రెండో ఆట చూసి కూడా నిదానంగా స్టేషను చేరవచ్చు.

బసలో మాత్రం మొదట దెబ్బతిన్నాం. భోజనానికి ఇబ్బంది ఉండదన్న ఒక్క కారణంతో లిటిల్ ఇండియాలో ఒక చిన్న హోటల్లో గది తీసుకున్నాం. ఫొటోలో తెర కట్టి ఉన్నచోట కిటికీ ఉంటుందనుకోవడం మా అమాయకత్వం: తెర పక్కకు లాగితే గోడ కనిపించింది. సింగపూర్‌లో చవక గదులు చాలావాటికి కిటికీలు ఉండవనీ, వివరాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుందనీ మాకు ఆ తర్వాతే తెలిసింది. ఎయిర్ కండిషనర్ ఆపితే ఉక్క, వేస్తే తడి బట్టల వాసన. కౌంటరులో అడిగితే ముందే చదువుకోవలసిందన్నారు. "ఇది గది కాదు బావా, ఆపరేటర్ క్యాబిన్. అందులోనైనా తెరకేసి చూడ్డానికి రెండు కన్నాలుండేవి" అన్నారు బావగారు. రెండు రాత్రుల తర్వాత బెంకూలెన్ వీధిలో కిటికీ ఉన్న గదికి మారాం. రాత్రికి నలభై డాలర్లు ఎక్కువైనా, అక్కడి నుంచి థియేటర్‌కు పది నిమిషాల నడకే. మధ్యాహ్నం ఆటకూ రాత్రి ఆటకూ మధ్య గదికి వచ్చి కాసేపు నడుం వాల్చగలగడమన్నది, రోజుకు రెండేసి చిత్రాలు చూసేవారికి, భోజన సౌకర్యం కంటే విలువైనది. మళ్ళీ వెళితే మొదటి రోజు నుంచీ అక్కడే దిగుతాను.

థియేటర్ ఉన్నది కానింగ్ రైజ్ అనే ఏటవాలు వీధిలో, జాతీయ పురాభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) భవనంలో. ఒకప్పుడు అది ఆంగ్లో-చైనీస్ స్కూలు. 1886లో ఆ పాఠశాలను స్థాపించిన మెథడిస్టు మతాచార్యుడు విలియం ఓల్డ్‌హామ్ పేరే ఈ హాలుకు ఉంది. ఆయన పుట్టింది మన బెంగుళూరులో. ఫిల్మ్ ఆర్కైవ్ 2005లో ఒక స్వచ్ఛంద సంస్థగా మొదలై, 2014 నుంచి అక్కడి జాతీయ గ్రంథాలయ మండలికి అనుబంధంగా నడుస్తోంది. ఈ భవనాన్ని బాగుచేసి 2019లో తిరిగి తెరిచాక వారికి సొంతంగా ఒక తెర దొరికింది. హాలు చిన్నది, సీట్లు నూట ముప్పై పైచిలుకు. నేల వాలు బాగుండడంతో ముందు కూర్చున్నవారి తల ఎక్కడా అడ్డురాలేదు. టిక్కెట్టు ఒక్కొక్కటి పది డాలర్లు పడింది. ఊరిలో రెండు కాఫీలు, ఒక కేకు ముక్కకు అంతే అవుతుంది. పెద్దలకు మాత్రమే అని ధ్రువీకరించిన చిత్రాలకు వయసు చూపించవలసి ఉంటుంది కనుక పాస్‌పోర్టు దగ్గరుంచుకోవాలి. దానితోపాటు ఒక శాలువా కూడా. బయట చెమట కారే ఎండలోంచి లోపలికి వెళితే అరగంటలో చలి పట్టుకుంటుంది.

ఉపశీర్షికలు ఇంగ్లీషులో వస్తాయి, వేగంగా వస్తాయి. బావగారికి ఆ వేగం అందదు. హాల్లో గుసగుసలాడితే పక్కవారు తల తిప్పి చూసేంత నిశ్శబ్దం. అందుకని ప్రతి ఆటకూ ముందు టీ తాగుతూ కథ సగం వరకు నేను చెప్పేవాణ్ణి, మిగతా సగం ఆయనే తెర మీద పట్టుకునేవారు. ఇంగ్లీషు అంతగా చదవని పెద్దలను తీసుకువెళ్ళేవారు ఈ పద్ధతి పాటించి చూడవచ్చు.

ఆ వారంలో చూసినవాటిలో మనసులో నాటుకున్నది ఉస్మార్ ఇస్మాయిల్ 1954లో తీసిన ఇండోనేషియా చిత్రం 'లెవాత్ జామ్ మాలమ్'. స్వాతంత్ర్య పోరాటం ముగిసి ఇంటికి వచ్చిన ఒక యువకుడు, కర్ఫ్యూ నడుస్తున్న బాండుంగ్ నగరంలో ఇమడలేకపోవడం అందులోని కథ. జకార్తాలోని సినెమాతెక్ ఇండోనేషియాలో దాచిన దాని నెగటివ్‌కు బూజు పట్టి, ఫిల్ము పాడై వెనిగర్ వాసన కొట్టే దశకు చేరింది. సింగపూర్ నేషనల్ మ్యూజియం పూనుకుని, ఇటలీలోని బొలోన్యా నగరపు ప్రయోగశాలలో బాగు చేయించగా, 2012లో అది మళ్ళీ వెలుగు చూసింది. ఒక దేశపు చిత్రాన్ని పొరుగు దేశపు మ్యూజియం బతికించడం నాకు ఆ కథంత ఆసక్తిగా అనిపించింది. అందులో లైలా అనే పడుపువృత్తి మనిషి విదేశీ పత్రికలోంచి బొమ్మలు కత్తిరించి దాచుకుంటుంది. తనకు ఎన్నటికీ దక్కని ఇంటి సామానుల బొమ్మలవి. కత్తెర కాగితం మీద నడిచే చప్పుడు, ఆమె వేళ్ళు అంచును సరిచేసే తీరు ఆ తెర మీద ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, ఇదే చిత్రాన్ని అంతకుముందు ఫోనులో చూసిన నాకు ఆ సన్నివేశం కొత్తగా తోచింది.

ఆర్కైవ్ వారు తామే బాగు చేయించినవీ ఉన్నాయి. ఫిలిప్పీన్స్ దర్శకుడు మైక్ డి లియోన్ 1982లో తీసిన 'బ్యాచ్ 81', సింగపూర్ దర్శకుడు ఎరిక్ ఖూ 1995 నాటి 'మీ పోక్ మ్యాన్' అలా తిరిగి తెర మీదికి వచ్చినవే. అయితే బావగారికి బాగా నచ్చింది ఇవేవీ కాదు, ఒక పాత మలయ్ నలుపు-తెలుపు చిత్రం. సగంలో నా మోచేయి తట్టి, "బావా, చుక్క చూశావా?" అన్నారు. తెర పైన కుడి మూలలో క్షణంపాటు ఒక గుండ్రటి మచ్చ మెరిసి పోయింది. రీలు అయిపోవచ్చిందని ఆపరేటరుకు తెలిపే గుర్తు అది. మొదటి చుక్కకు, తర్వాతి రీలు ఎక్కించి ఉంచిన రెండో మెషిను మోటారు వేయాలి, రెండో చుక్కకు వెలుగు ఇటు నుంచి అటు మార్చాలి. మధ్యలో దొరికేవి ఏడెనిమిది సెకన్లు. డిజిటల్ ప్రతిలో ఆ చుక్కతో ఎవరికీ పని లేదు, అయినా ఎవరూ దాన్ని తుడిచివేయలేదు. మిగతా చిత్రమంతా ఆయన కథను వదిలిపెట్టి చుక్కలే లెక్కపెట్టారని నా అనుమానం.

ఆ మలయ్ చిత్రాల వెనుక మన దేశపువారు చాలామంది ఉన్నారన్న సంగతి అక్కడికి వెళ్ళాకే నా బుర్రకెక్కింది. సింగపూర్‌లోని షా సోదరుల మలయ్ ఫిల్మ్ ప్రొడక్షన్స్ సంస్థ దర్శకులను భారతదేశం నుంచి రప్పించుకునేది. మలయ్ తెరకు మకుటం లేని మహారాజైన పి. రామ్లీని 1948లో మొదటిసారి తెర మీదికి తెచ్చినది బి.ఎస్. రాజ్‌హన్స్, 1956లో 'హాంగ్ తువా' అనే రంగుల చిత్రాన్ని తీసినది ఫణి మజుందార్. వారికి పోటీగా నిలిచిన క్యాథే-కెరిస్ సంస్థకు 1957లో 'పొంతియానాక్' అనే దయ్యం చిత్రాన్ని తీసి జనాన్ని విరగబడేలా చేసినది బి.ఎన్. రావు. పేరు చూసి మనవాడే అనుకున్నాం గానీ, ఆయన కేరళ నుంచి వెళ్ళినవారట. ఆ మొదటి 'పొంతియానాక్' ఇప్పుడు లేదు. నిర్మాతే రీళ్ళను నీళ్ళలో పారేయించాడన్న కథనం ప్రచారంలో ఉంది. క్యాథే-కెరిస్ చిత్రాల్లో మిగిలిన తొంభై దాకా ఈ ఆర్కైవ్ భద్రపరచగా, 2014లో విలువైన పాత దస్తావేజులను, చిత్రాలను నమోదు చేసే యునెస్కో ఆసియా-పసిఫిక్ 'ప్రపంచ స్మృతి' పట్టికలో వాటికి చోటు దొరికింది. 1932 నాటి మన 'భక్త ప్రహ్లాద' ప్రతి కూడా ఎక్కడా దొరకదని తలుచుకుంటే, మిగిలిన తొంభై తక్కువేమీ కాదనిపించింది.

ఒక పగలు ఖాళీ దొరికితే బాలెస్టియర్ రోడ్డు వైపు వెళ్ళాం. దానిని ఆనుకుని ఉన్న జాలన్ అంపాస్ అనే చిన్న వీధిలో ఎనిమిదో నంబరు షా వారి పాత స్టూడియో. 1967లో మూతపడేలోపు నూట యాభైకి పైగా మలయ్ చిత్రాలు అక్కడే తయారయ్యాయి. మేము చూసింది గేటూ, పొట్టి కట్టడాలూ మాత్రమే, అదీ బయటి నుంచే. దాని కోసం ప్రత్యేకంగా ఒక పూట కేటాయించవద్దు. బాలెస్టియర్ రోడ్డు మీది దీపాల దుకాణాలు, పాత ఇళ్ళ ముఖభాగాలు కలుపుకుంటే గంటన్నర బాగానే గడుస్తుంది.

భోజనం సంగతికి వస్తే, శాకాహారులకు సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్ నమ్మకమైన చోటు. తెలుగు కారం కావాలనుకునేవారికి ఆంధ్ర భోజనశాలలూ ఆ చుట్టుపక్కల ఉన్నాయి, అయితే ధర రెట్టింపు. మేము ఎక్కువగా తిన్నది తెక్కా సెంటర్ అనే తిండి అంగళ్ళ సముదాయంలో. అక్కడ ఖాళీ బల్ల మీద ఒక చిన్న టిష్యూ పొట్లం కనిపిస్తే అది ఎవరో పెట్టుకున్న చోటని అర్థం. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే, కాకపోతే ఎవరూ తగాదా పడరు. తిన్న పళ్ళేన్ని మనమే తీసుకువెళ్ళి నిర్ణీత స్థలంలో పెట్టాలి. 2021 నుంచి అలా చేయనివారికి జరిమానా కూడా ఉంది. థియేటర్ పరిసరాల్లో చవకగా తినే చోట్లు అంతగా కనిపించలేదు కనుక, రాత్రి ఆట ఉన్నరోజు ముందే తిని వెళ్ళడం ఉత్తమం.

థియేటర్‌కు నడిచివెళ్ళే దూరంలోనే నేషనల్ మ్యూజియం, ఆర్మీనియన్ వీధిలో పెరనకన్ మ్యూజియం ఉన్నాయి. పెరనకన్లంటే వలస వచ్చి స్థానికులతో వియ్యమందిన వ్యాపారుల సంతతివారు. రెండింటిలో ఒక్కదానికే సమయముంటే పెరనకన్ మ్యూజియమే చూడమంటాను. అక్కడి పూసల పని ముందు కాసేపు నిలబడినా చాలు.

చివరి రాత్రి ఆట అయిపోయి దీపాలు వెలిగాక, జనం వెళ్ళిపోతున్నా బావగారు సీటు దగ్గరే వెనక్కి తిరిగి నిలబడ్డారు. వెనుక గోడలో ప్రొజెక్షన్ గది అద్దం కనిపిస్తోంది. లోపల ఎవరూ ఉన్నట్టు లేదు. "కార్బన్ కడ్డీల పొగ లేదు, మెషిను చప్పుడు లేదు. వీళ్ళకి ఒళ్ళు నొప్పులెక్కడివి?" అన్నారు. పాత మెషిన్లలో వెలుగు ఆ కడ్డీలు మండడం వల్లే వచ్చేది. తలుపు దగ్గర నిలబడిన అమ్మాయి మమ్మల్ని తొందరపెట్టకుండా, తాళాలు చేతిలో పట్టుకుని ఓపిగ్గా చూస్తోంది. ఆమెకు నమస్కారం పెట్టి బయటికి వచ్చేసరికి కానింగ్ రైజ్ మీద సన్నగా వాన మొదలైంది. గొడుగు గదిలోనే మరిచిపోయాం. శాలువా నెత్తిన కప్పుకుని బెంకూలెన్ వీధి దాకా నడిచాం.