‘బోర్డు పోయింది’ అంటున్నారా? సెంట్రల్ లాక్ రిపేరుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో కారు డోర్ లాకులు బాగుచేయించుకోబోతున్న వాళ్లందరికీ, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకి ఈ హెచ్చరిక. లాక్ ఒకసారి పడి ఒకసారి పడట్లేదని వెళ్తే, డోర్ ప్యాడ్ కూడా విప్పకుండా ‘బీసీఎం పోయింది సార్, బోర్డు మార్చాలి’ అనే షాపులో పైసా కట్టకండి. మా దగ్గర 18 వేలు తీసుకున్నారు. అసలు తప్పు డ్రైవర్ డోర్‌లో తెగిన ఒక వైరు.

బీసీఎం అంటే లాకులు, లైట్లు, వైపర్లు, పవర్ విండోల్లాంటివి నడిపే చిన్న కంప్యూటర్. చాలా బళ్లలో రిమోట్ తాళం పంపే సంకేతాన్ని గుర్తుపట్టేది కూడా అదే. ఖరీదైన వస్తువు కాబట్టి, పైగా మనం విప్పి చూసేది కాదు కాబట్టి, తప్పంతా దాని మీదికి నెట్టేయడం తేలిక.

వానలు మొదలయ్యాక మా బండిలో ఇబ్బంది మొదలైంది. రిమోట్ నొక్కితే మూడు డోర్లు టక్కున లాక్ అయ్యేవి, డ్రైవర్ డోర్ ఒక్కటే మొరాయించేది. ఆ తలుపును సగం తెరిచి పట్టుకుని నొక్కితే మాత్రం మోటారు చప్పుడు వినిపించేది. అదే డోర్‌లో పవర్ విండో కూడా అప్పుడప్పుడు మధ్యలో ఆగిపోయేది. ఈ మాటలన్నీ షాపులో వివరంగా చెప్పాం. తలుపు ఏ కోణంలో ఉందన్న దాన్ని బట్టి పనిచేస్తోందంటే వైరు తెగిందని అనుమానించాలి. ఈ పనిలో ఉన్నవాడికి ఆ మాత్రం తెలియకపోవడం జరగదు. అయినా స్కానర్ (బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి, ‘కోడ్ వచ్చింది, బోర్డే’ అని తేల్చేశారు. ఆ కోడ్ ఏమిటో చూపించమంటే చూపించలేదు. ఒకవేళ నిజంగా వచ్చినా, డోర్ లాక్ సర్క్యూట్‌లో తేడా ఉందని కోడ్ చెబుతుంది గానీ, అది మోటారులోనా వైరులోనా బోర్డులోనా అన్నది మనిషి కొలిచి తేల్చాల్సిందే.

బోర్డు మార్చాక కొన్నాళ్లు బాగానే నడిచింది. బండిని విప్పి బిగించే పనిలో ఆ వైరు కాస్త కదిలి అతుక్కుని ఉంటుంది, అంతే. మళ్లీ అదే డోర్, అదే మొరాయింపు. దానికి తోడు ఇంట్లో ఉన్న రెండో తాళం రిమోట్ పనిచేయడం మానేసింది. బోర్డు మారిస్తే తాళాలన్నీ దానికి కొత్తగా నేర్పించాలి. వాళ్లు చేతిలో ఉన్న ఒక్కదానికే నేర్పి వదిలేశారు. రెండోదానికి మళ్లీ డబ్బు అడిగారు. బిల్లు ఇవ్వలేదు. పాత బోర్డు ఇవ్వమంటే ‘స్క్రాప్‌లో పోయింది’ అన్నారు. పాడైందో లేదో తెలియని బోర్డు, మా డబ్బుతో మేం కొన్న బండిలోది, మాకు చెప్పకుండా స్క్రాప్‌కి ఎలా పోతుంది? నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే.

చివరికి సికింద్రాబాద్‌లో ఒక పాత వైరింగ్ మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన స్కానర్ ముట్టుకోలేదు. బాడీకీ తలుపుకీ మధ్య, కబ్జాల దగ్గర ఒక నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది, డోర్‌లోకి వైర్లన్నీ దాని గుండానే వెళ్తాయి. దాన్ని వెనక్కి లాగి ఒక్కో వైరునీ మెల్లగా వంచి చూశారు. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే, తలుపు తీసి వేసిన ప్రతిసారీ ఆ వైర్లు వంగి వంగి లోపల రాగి తెగిపోతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. డ్రైవర్ తలుపే ఎక్కువ వాడతాం కాబట్టి ముందుగా తెగేది సాధారణంగా అక్కడే. మా వైరుకి ఒకటో రెండో పోగులు మిగిలున్నాయి, నీళ్లు తగిలి ఆకుపచ్చ చిలుం పట్టింది. కొత్త వైరు ముక్క వేసి, సోల్డరింగ్ చేసి, స్లీవ్ తొడిగారు. 700 రూపాయలు. ఇప్పుడు లాక్, విండో రెండూ చక్కగా పనిచేస్తున్నాయి.

ఆయన చెప్పినవాటిలో ఒకటి అందరికీ పనికొస్తుంది. డోర్ లాక్ మోటారుకి రెండు వైర్లలో 12 వోల్టులు వస్తాయి. ఒకవైపు వస్తే లాక్, ప్లస్సూ మైనస్సూ తారుమారైతే అన్‌లాక్. ఆ కరెంటు ఒక్క క్షణమే ఉంటుంది. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా మీటరు 12 చూపించేస్తుంది, కానీ మోటారు తిరిగేంత కరెంటు దాంట్లో పోదు. అందుకే టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడాలి. మోటారు కనెక్టర్ దగ్గర బల్బు బాగా వెలిగి మోటారు కదలకపోతే మోటారు పోయినట్టు. బల్బే వెలగకపోతే అక్కడి నుంచి వెనక్కి వైరు, స్విచ్, బోర్డు వరసగా చూడాలి. చప్పుడు వస్తూ లాక్ కదలకపోతే లోపలి పళ్లచక్రమో కడ్డీయో దెబ్బతిని ఉంటుంది.

ఇంటి దగ్గరే మనం చూసుకోగలిగింది కూడా చాలా ఉంది. ఒక్క డోరే మొరాయిస్తుంటే చాలావరకు తప్పు ఆ డోర్‌లోనే. మూడు డోర్లు రిమోట్ మాట వింటున్నాయంటే బోర్డుకి సంకేతం అందుతోందనే కదా! నాలుగూ రిమోట్‌కీ, లోపలి బటన్‌కీ కూడా కదలకపోతే ముందు ఫ్యూజు. లోపలి బటన్‌తో పడుతూ రిమోట్‌తో పడకపోతే ముందు రిమోట్‌లో సెల్లు మార్చండి, తర్వాత రెండో తాళంతో చూడండి. సెల్లు మీద నంబరు చూసి అదే కొనండి. సీఆర్2032 ఎక్కువ తాళాల్లో ఉంటుంది గానీ అన్నిట్లో కాదు. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరుకుతుంది. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోకపోతే చైల్డ్ లాక్ పడిందేమో చూడండి. దానికి కూడా డబ్బు వసూలు చేసేవాళ్లున్నారని విన్నాను.

పుష్ బటన్ స్టార్ట్ ఉన్న తాళంలో సెల్లు అయిపోతే కంగారుపడకండి. తాళం లోపల సన్నటి ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది, దాంతో డోర్ తెరుచుకుంటుంది. తర్వాత తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలా మోడళ్లు స్టార్ట్ అవుతాయి. ఆనించాల్సిన చోటు కొన్ని మోడళ్లలో వేరు, మాన్యువల్ చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు రెండు తాళాలూ అడిగి తీసుకోండి. ‘ఒకటి పోయింది’ అంటే, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ పోయిన తాళాన్ని బండి మెమరీ నుంచి చెరిపించేదాకా నిశ్చింతగా ఉండకండి. 2020 అక్టోబరు వరదల్లో మన నగరంలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండిలో లాకులు, విండోలు వింతగా ప్రవర్తిస్తాయి. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి బురద చార ఉందేమో, కార్పెట్ కింద తుప్పు ఉందేమో చూడండి.

రిపేరుకి ఇచ్చేటప్పుడు మూడు మాటలు ముందే వాట్సాప్‌లో రాయించుకోండి: ఏం కొలిచి ఈ నిర్ణయానికి వచ్చారు, పాత భాగం తిరిగి ఇస్తారా, బిల్లు ఇస్తారా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వాణిజ్య పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. యూపీఐలో కట్టిన రసీదు, బోర్డు పేరు రాసిన మెసేజ్ మా దగ్గర ఉన్నాయి కాబట్టి మేం 1915లో ఫిర్యాదు పెట్టాం. షాపు నుంచి ‘వచ్చి మాట్లాడండి’ అని ఫోన్ వచ్చింది. ఏం ఇస్తారో రాతపూర్వకంగా పంపమన్నాం. ఇంకా పంపలేదు. పంపగానే ఇక్కడే రాస్తాను.