నేలను బట్టి ఫుట్‌బాల్ బంతి: ఏడేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి బడి మైదానంలో గడ్డి వానాకాలంలోనే మొలుస్తుంది, అదీ గోల్‌పోస్టుల వెనక మాత్రమే. మిగిలినదంతా ఎర్ర గ్రావెల్, అంచుల్లో పల్లేరు కాయలు. ఈ నేల మీద ఏడేళ్లుగా సాయంత్రం పూట పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడిస్తున్నాను. ఆదివారాల్లో కళింగపట్నం తీరానికి, వానలు పడ్డాక పట్నంలో ఒక గడ్డి మైదానానికి, ఎప్పుడైనా డబ్బులు పోగైతే గంటకు అద్దె కట్టి టర్ఫ్‌కు (కృత్రిమ గడ్డి మైదానానికి) తీసుకువెళతాను. ఈ ఏడేళ్లలో కొన్న బంతులు పదకొండు. వాటిలో సగానికి పైగా నేల చూడకుండా, అట్టపెట్టె మీది బొమ్మ చూసి కొన్నవే.

అన్నింటికంటే ఖరీదైన బంతే అన్నింటికంటే తొందరగా పోయింది. పైపొర మెత్తని పీయూ (తోలులా ఉండే పాలీయురేథేన్), ప్యానెళ్లకు కుట్టు లేదు, వేడితో అతికించినవి. మొదటి రోజు కాలికి తగిలినప్పుడు దాని హాయే వేరు. వారం తిరిగేసరికి నున్నటి పైపొర గరుకుకాగితంతో రుద్దినట్టు బరకగా మారింది, రెండో వారంలో రంగు పోయింది, అయిదో వారంలో ఒక ప్యానెల్ అంచు ఎండిన అరిటాకులా పైకి లేచింది. లేచిన అంచు కింద పిల్లలు వేలు పెట్టి చూడటంతో మిగిలినది కూడా ఊడింది. సంతలో చెప్పులు కుట్టే తాతకు ఇస్తే అటూ ఇటూ తిప్పి, "దీనికి కుట్టే నేదు, ఏటి కుట్టమంటారు మాస్టారూ?" అని తిరిగి ఇచ్చేశాడు. జిగురు పెట్టి అతికించి చూశాను కానీ నాలుగు దెబ్బలకే విడిపోయింది. తప్పు బంతిది కాదని నాకు తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఆ కోపంతో తర్వాత వరసగా మూడు అచ్చు రబ్బరు బంతులు కొన్నాను. వీటి మీద కనిపించే అయిదు మూలల, ఆరు మూలల గడులు చాలావరకు అచ్చులో పడిన గీతలే, విడి ముక్కలు కావు. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో వాడిన టెల్‌స్టార్‌లో పన్నెండు పంచభుజులు, ఇరవై షడ్భుజులు కలిపి ముప్పై రెండు ముక్కలు ఉండేవి, ఫుట్‌బాల్ అనగానే మన కంటికి కనిపించే ఆ రూపాన్నే ఇప్పటికీ అచ్చు పోస్తున్నారు. గ్రావెల్ మీద రబ్బరు బంతికి చావు లేదు. ఆ మూడింటిలో ఒకటైతే, రెండేళ్లు దాటినా ఇంకా గోడకు కొట్టుకునే ఆటకు పనికివస్తోంది. అయితే అది గట్టి నేల మీద అవసరానికి మించి ఎగురుతుంది, నేల మీద పడిన బంతిని కాలితో ఆపడం పిల్లలకు రానే రాదు. తలతో కొట్టమంటే, ఒకసారి దెబ్బ తిన్న పిల్లవాడు రెండోసారి కళ్లు మూసుకుని మెడ పక్కకు తిప్పేస్తాడు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు ఒక సీజన్ పట్టింది. పదేళ్ల లోపు పిల్లలకు ఈ బంతి కొనవద్దని గట్టిగా చెబుతాను.

చివరికి కుదురుకున్నది మధ్యరకం దగ్గర: దళసరి పీవీసీ లేదా గట్టి టీపీయూ (రెండూ ప్లాస్టిక్ రకాలే) పైపొర, లోపల రెండు మూడు గుడ్డ పొరలు, చేతి కుట్టు. జలంధర్, మీరట్ తయారీలో ఈ రకం తేలికగా దొరుకుతుంది, నివియా, కాస్కో బంతులు మన జిల్లా దుకాణాల్లోనూ ఉంటాయి. కొనేటప్పుడు కుట్టు దగ్గర రెండు బొటనవేళ్లతో ముక్కలను విడదీసినట్టు నొక్కండి, దారం బయటికి కనిపిస్తే ఆ బంతి వద్దు, ఎందుకంటే గ్రావెల్ ముందు కొరికేది పైకి తేలిన దారాన్నే. ఇలాంటి బంతి మాకు పధ్నాలుగు నెలలు వచ్చింది, మధ్యలో రెండుసార్లు కుట్టు విడిస్తే ఆ తాతే మైనపు దారంతో కుట్టి ఇచ్చాడు.

ఫిఫా క్వాలిటీ ప్రో ముద్ర గురించి దుకాణదారులు గొప్పగా చెబుతారు. గుండ్రదనం, బరువు, ఎగిరే ఎత్తు, నీరు పీల్చడం, గాలి నిలవడం వంటివి పరీక్షించి వేసే ముద్ర అది, నిజంగా విలువైనదే. కానీ అది మ్యాచ్‌లో బంతి నడత గురించి చెబుతుంది, మా ఊరి గ్రావెల్ గురించి కాదు.

బంతి ఎంపికతో సమానంగా గాలిని పట్టించుకోవాలి. నియమాల ప్రకారం అయిదో సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, ఆట మొదట్లో బరువు 410 నుంచి 450 గ్రాములు, గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు, అంటే సుమారు 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, పంపు గేజి మీద కనిపించే లెక్క) ఉండాలి. సైకిల్ పంపుతో బొటనవేలి అంచనాకు కొట్టినంత కాలం మా బంతులు రాళ్లలా ఉండేవి. గేజి కొన్నాక గ్రావెల్ మీద 8.5కీ 9కీ మధ్య ఉంచుతున్నాను, కుట్టు మీద ఒత్తిడీ తగ్గింది, ఎగరడమూ తగ్గింది. మే నెలలో బండి మీద కట్టి ఎండలో వదిలేస్తే పొద్దున్న 9 ఉన్నది మధ్యాహ్నానికి 10 దాటుతుంది, ఆడే ముందు మళ్లీ చూసుకోవాలి. సూదిని పొడిగా గుచ్చితే వాల్వు చిరుగుతుంది, పిల్లలు ఉమ్మి రాస్తారు, ఒక చుక్క గ్లిజరిన్ మేలు. బ్లాడర్, అంటే లోపలి గాలి తిత్తి, బ్యూటైల్ రబ్బరుదైతే గాలి వారాల తరబడి నిలుస్తుంది. లేటెక్స్‌ది మెత్తగా ఉంటుంది కానీ దానికి తరచూ పంపు పట్టాలి, బడి వాడకానికి అది పడదు.

వాన నాటి గడ్డి మీద కథ తిరగబడింది. ఒక జూలై సాయంత్రం మా చేతి కుట్టు బంతిని ఆటకు ముందు కిరాణా కొట్టు కాటాలో తూచాను, 432 గ్రాములు. తడి గడ్డి మీద గంటసేపు ఆడి తిరిగివచ్చి తూస్తే 510 చూపించింది. నీరు కుట్టు కన్నాల్లోంచి దిగి గుడ్డ పొరల్లో చేరింది. చివరి పావుగంటలో గోల్‌కీపర్ కొట్టిన బంతి సగం మైదానం కూడా దాటలేదు. నేను గ్రావెల్ మీద చంపుకున్న ఆ అతుకు బంతి ఇలాంటి రోజున బతికేది, దాని చోటు ఇది. అందుకే మళ్లీ ఒకటి కొని, గడ్డి మీద తప్ప బయటికి తీయడం లేదు, 10 పీఎస్ఐ దగ్గర మూడో ఏడు నడుస్తోంది. టర్ఫ్ మీదికీ దాన్నే తీసుకువెళతాం.

కళింగపట్నం ఇసుకకు మేం విడిగా ఏమీ కొనలేదు. బీచ్ సాకర్‌లో బంతి కొలత అదే అయినా బరువు 400 నుంచి 440 గ్రాములు, గాలి 0.375 నుంచి 0.8 అట్మాస్ఫియర్లు, ఎందుకంటే అక్కడ ఆడేది ఉత్త కాళ్లతో. పాత కుట్టు బంతిలో గాలి 6 పీఎస్ఐకి దించితే సరిపోతోంది. ఇంటికి రాగానే మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఒక ఆదివారం మరిచిపోతే వాల్వు చుట్టూ ఉప్పు పేరుకుని, సూది దిగడానికే మొరాయించింది.

సిమెంటు కోర్టుకు మాత్రం ఫుట్‌సాల్ (గట్టి కోర్టు మీద ఆడే చిన్న ఫుట్‌బాల్) బంతి తప్పదు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటిసారి 50 నుంచి 65 సెంటీమీటర్లే ఎగరాలని దానికి నియమం, చుట్టుకొలత 62 నుంచి 64. మామూలు బంతితో ఆడినన్నాళ్లు గోడ దూకి పక్క పెరట్లోంచి బంతి తెచ్చుకోవడమే సరిపోయింది. కాకపోతే దీన్ని మట్టి నేల మీద ఆడకండి, చచ్చినట్టు పడి ఉంటుంది.

జూన్‌లో బడి తెరిచేసరికి రెండు కొనాలి. పెద్దవాళ్లకు అదే చేతి కుట్టు అయిదో సైజు, పన్నెండేళ్ల లోపు వాళ్లకు అదే రకం నాలుగో సైజు. అప్పటివరకు పాతదానికి మూడో కుట్టు పడుతోంది, శనివారం సంతలో తాతకు ఇచ్చి వచ్చాను.