విశాఖ నగర నడకలు: ఏ బృందంతో వెళ్లాలి, ఏం అడగాలి

కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం, రుషికొండ చుట్టూ తిప్పే పర్యాటక బస్సులకు విశాఖపట్నంలో కొదవ లేదు. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. ఈ ఊరు ఎలా పెరిగింది, ఏ గెడ్డను (వాగును) ఎటు మళ్లించారు, సముద్రం రోడ్డు మీదికి ఎందుకు వస్తోంది అన్నవి దగ్గరుండి చూపించే నడకల గురించి. వారాంతాల్లో, ఎక్కువగా తెల్లవారుజామున, చిన్న చిన్న బృందాలు వీటిని నడుపుతుంటాయి. విశ్రాంత ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, చరిత్ర అధ్యాపకులు గైడ్లుగా వస్తారు. కొన్నేళ్లుగా వీలు దొరికినప్పుడల్లా వెళుతున్నాను. ఒకే దారిలో వేర్వేరు గైడ్లతోనూ నడిచాను. బయటి నుంచి వచ్చే యాత్రికుల కంటే ముందు ఇక్కడ పుట్టి పెరిగినవారు, ఇక్కడ స్థలమో ఫ్లాటో కొనాలనుకునేవారు వెళ్లవలసిన నడకలివి.

పాతనగరంతో మొదలుపెట్టండి. చాలామంది గైడ్లు కురుపాం మార్కెట్ తోరణం, టౌన్ హాలు, విక్టోరియా రాణి విగ్రహం చూపించి, కట్టిన సంవత్సరాలు చెప్పి పంపేస్తారు. అదొక్కటే అయితే అంత పొద్దున్నే లేచి వెళ్లనవసరం లేదు. రాస్ హిల్ ఎక్కించే బృందాన్ని వెతుక్కోండి. మేరీమాత చర్చి, ఇషాక్ మదీనా దర్గా, వెంకటేశ్వరస్వామి ఆలయం పక్కపక్క గుట్టల మీద ఉంటాయి. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ, డాల్ఫిన్స్ నోస్. మధ్యలో ఇరుకైన నౌకా మార్గం. ఓడ లోపలికి వస్తున్న సమయానికి అక్కడ ఉంటే డెక్ మీద తాళ్లు సర్దుతున్న మనుషులు స్పష్టంగా కనిపిస్తారు. ఆటుపోట్లకు మునిగే చిత్తడి నేలను తవ్వి లోపలి హార్బర్ కట్టారనీ, 1933లో ఓడరేవు మొదలైందనీ, అలలను ఆపడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచారనీ అక్కడ నిలబడి వింటే ఊరి నిర్మాణం మొత్తం ఒక్కసారిగా అర్థమవుతుంది. 1931లో రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం పూర్తయ్యాక మధ్య భారతం ఖనిజానికి ఇదే దగ్గరి రేవు అయింది. ఊరు పడమటి వైపు పట్టాల వెంట, గోదాముల వెంట సాగడానికి కారణం అక్కడుంది.

ఆ గుట్ట మీదే ఒక గైడ్ మా అందరినీ పిట్టగోడ మీద వేలు రాసి చూడమన్నారు. వేలికి నల్లటి పొడి అంటుకుంది. బొగ్గు, ఖనిజం దించే చోటుకూ ఇళ్లకూ మధ్య దూరం ఎంతో చేత్తో చూపించారు. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో గిన్నెలాంటి ఊరు. గాలి ఆగిపోయిన రోజున ఈ దుమ్ము ఎక్కడికి పోతుందని ఆయన అడిగితే ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. మంచి గైడ్ అంటే నా లెక్కలో ఆయనే.

అన్నిటిలోకీ గొప్పది తీరం నడక. కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలై ఆర్కే బీచ్ మీదుగా పెద జాలరిపేట వరకు సాగుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు ఆ ఇసుకకు అడ్డుపడ్డాయి. అందుకే గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఉన్న బీచ్ కోసుకుపోతుంది. డ్రెడ్జర్‌తో తోడిన ఇసుకను మళ్లీ ఆర్కే బీచ్‌కు పంపడం ఇందుకే. ఇదంతా పుస్తకంలోనూ దొరుకుతుంది. కానీ ఒక మే నెల ఉదయం మా గైడ్ ఒడ్డున పడి ఉన్న కొబ్బరి డొప్పను నీళ్లలోకి విసిరి, మాట్లాడకుండా నిలబడ్డారు. అది అలతో లోపలికీ బయటికీ ఊగుతూనే కొద్దికొద్దిగా ఉత్తరాన ఉన్న భీమిలి వైపు జరిగింది. మేమూ దాని వెంట నడిచాం. శీతాకాలంలో ఈ ప్రవాహం కొన్నాళ్లు ఎదురు తిరుగుతుంది కాబట్టి డిసెంబరులోనూ ఒకసారి వెళ్లమని చెబుతాను. అప్పుడు బీచ్ వెడల్పే వేరుగా ఉంటుంది.

గెడ్డల నడకకు జనం తక్కువ వస్తారు, వాసన భరించాలి కదా. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ ఒకప్పుడు కొండల మీది వాననీటిని మోసిన వాగులు. ఇప్పుడు వాటిని మురుగు కాలువలనే అంటున్నాం. పైనుంచి కిందికి నడిస్తే ఎక్కడ ఇరుకైపోయిందో, ఎక్కడ పలక వేసి పైన దుకాణాలు కట్టారో తెలుస్తుంది. వానాకాలంలో ఏ వీధి మునుగుతుందో ముందే చెప్పగలుగుతారు. స్థలం కొనేవారికి దీనికి మించిన సలహా ఏ దళారీ ఇవ్వడు.

భీమిలి వైపు బస్సు యాత్ర నాకు సగమే నచ్చింది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాస్టర్ ప్లాన్ పటం పరిచి, 1978లో వచ్చిన నగరాభివృద్ధి సంస్థ వుడా, 2018లో దాని స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏ తీరం వెంట ఊరిని ఎలా సాగదీశాయో చెప్పిన భాగం బాగుంది. మిగతా దారంతా కిటికీలోంచి రిసార్టులు చూడడమే.

గాజువాక యాత్రలో మాత్రం నాకు బాధ కలిగింది. 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం... అన్నీ చక్కగా చెప్పారు. భూములిచ్చిన ఊళ్ల పేర్లు ఒక్కటీ చెప్పలేదు. అగనంపూడి నిర్వాసితుల కాలనీ పక్క నుంచే బస్సు వెళ్లింది, ఆగలేదు. దశాబ్దాల పాటు ఆర్ కార్డు (నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు) దాచుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. వాళ్ల మాట లేకుండా ఉక్కు నగరం కథ చెప్పడం అన్యాయం.

జాలరిపేటలోనూ అంతే. వలలు బాగుచేసుకుంటున్నవారి ముఖాల మీదికి ఫోన్లు పెట్టి ఫొటోలు తీస్తుంటే గైడ్ వారించని సందర్భాలు చూశాను. ఇసుక ఎప్పుడు ఎటు కదులుతుందో తరతరాలుగా తెలిసినవారు వాళ్లు. వాళ్లనే గైడ్లుగా పెట్టుకుని మిగతావారితో సమానంగా డబ్బు ఇవ్వాలి. ఒక బృందం ఈ పని చేస్తోంది. అక్కడ ఒక పెద్దాయన తెప్ప దించే చోటు తన చిన్నప్పటి నుంచి ఎన్ని అడుగులు వెనక్కి జరిగిందో అడుగులేసి మరీ చూపించారు. ఇంజినీరు గీసిన పటం, ఆయన అడుగులు ఒకే మాట చెప్పాయి.

ఇతర లోపాలు: వచ్చినవారంతా తెలుగువాళ్లే అయినా ఇంగ్లిషులోనే మాట్లాడే గైడ్లు ఉన్నారు. అడిగితే మారుస్తారు, మొహమాటపడకండి. దారిలో మరుగుదొడ్లు అరుదు, మహిళలకు, పెద్దవారికి ఇది నిజమైన ఇబ్బంది. వాన వల్ల రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో ముందే రాయించుకోండి. నాకు ఒకచోట ఇవ్వలేదు.

ఒక్క ఉదయమే ఖాళీ ఉన్నవారు తీరం నడకకే వెళ్లండి. డబ్బు కట్టే ముందు మాత్రం జాలరిపేట నుంచి ఎవరు మాట్లాడతారో ఫోను చేసి అడగండి.