ఆరోల్సెన్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్: పేరు దొరుకుతుంది, మనిషి దొరకాలంటే ఇంకాస్త తవ్వాలి

రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్రెయిన్ నుంచి జర్మనీకి వెట్టిచాకిరీకి తోలుకుపోయినవాళ్ళ గురించి ఎక్కడ చదివినా "ఇరవై లక్షలకు పైనే" అన్న అంకె కనిపిస్తుంది, మనుషులు మాత్రం కనబడరు. వాళ్ళని వెతకాలంటే మొదట తెరవాల్సింది జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్ అనే పత్రాల భండారం పెట్టిన ఆన్‌లైన్ కలెక్షన్. నా రేటింగ్ 5కి 4. పైసా కట్టక్కర్లేదు, పేరు కొట్టి వెతుక్కోవడమే. నాజీల బాధితులు దాదాపు 1.75 కోట్ల మంది తాలూకు కాగితాలు ఈ సంస్థ దగ్గరున్నాయి, 2013లో యునెస్కో 'మెమరీ ఆఫ్ ది వరల్డ్' జాబితాలో కూడా చేర్చింది.

చిక్కంతా ఆ పేరు కొట్టడంలోనే ఉంది. జర్మన్ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేసుకున్నాడు మరి. హలీనా కాస్తా గలీనా అయిపోతుంది, ఒకే ఇంటిపేరు మూడు నాలుగు రకాలుగా తగులుతుంది. పుట్టిన తేదీ తెలిస్తే పని సగం తేలిక. ఆ మనిషి పేరున రాసిన కార్డు దొరికాక ఆ చేతిరాత చూసి బెదిరిపోకండి, ఏ కాగితం ఎందుకు రాశారో, ఏ గడిలో ఏముంటుందో వాళ్ళ ఈ-గైడ్‌లో ఓపిగ్గా చెప్పారు. నాకు బాగా నచ్చింది అదే.

మరి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఇక్కడ ఎక్కువగా ఉన్నవి ఆఫీసు కాగితాలు. ఒక అమ్మాయి వర్క్ కార్డు దొరికిందనుకోండి, దాని మీద ఫొటో, వేలిముద్రలు ఉంటాయి, ఎక్కడ పనిచేసిందో తెలుస్తుంది, అక్కడితో సరి. అదే అమ్మాయి ఇంటికి పంపుకున్న ఫొటో దొరికితే కథ వేరు. స్టూడియోలో దిగింది, శుభ్రంగా దువ్విన జుట్టు, ఉన్నవాటిలో మంచి గౌను, వెనక "గుర్తుగా దాచుకోండి" అని రెండు ముక్కలు. 1942 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం బట్టల మీద తప్పకుండా ఉండాల్సిన నీలం-తెలుపు 'ఓస్ట్' (తూర్పు నుంచి తెచ్చిన కూలీ అని తెలిపే) గుర్తు ఇలాంటి ఫొటోల్లో చాలాసార్లు కనిపించదు, తీసేసి దిగేవాళ్ళు. కాబట్టి "బాగానే ఉన్నారే" అనుకుంటే పప్పులో కాలేసినట్టే, ఇంట్లోవాళ్ళు బెంగపడకూడదని దిగిన ఫొటో అది. ఉత్తరాలూ అంతే. సెన్సార్ ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాసే వీల్లేదు, ఎండు రొట్టెముక్కలు పంపమని అడిగిన చోట ఆకలిని మనమే చదువుకోవాలి.

ఇలాంటివి కావాలంటే ఉక్రెయిన్ ప్రాంతీయ ఆర్కైవ్స్ వైపు వెళ్ళాల్సిందే. 1945లో తిరిగొచ్చినవాళ్ళని సోవియట్ అధికారులు ద్రోహులేమోనన్న అనుమానంతో విచారించారు, ఆ ఫైళ్ళలో వర్క్ కార్డులు, ఫొటోలు, ఉత్తరాలు ఉండిపోయాయి. (ఆ అనుమానానికి జడిసి సొంత ఫొటోలు కాల్చేసుకున్న కుటుంబాలూ ఉన్నాయి, వాటినిక ఎవరూ తేలేరు.) బెర్లిన్ వెళ్ళేవాళ్ళయితే షోనెవైడెలో పాత వెట్టికూలీల క్యాంపు బ్యారక్‌లలోనే పెట్టిన డాక్యుమెంటేషన్ సెంటర్ చూడండి, ప్రవేశం ఉచితం. గొంతులు వినాలనుంటే 'ఫోర్స్‌డ్ లేబర్ 1939-1945' ఇంటర్వ్యూ ఆర్కైవ్‌లో ఆ వెట్టిచాకిరీ చేసినవాళ్ళు దాదాపు 600 మంది మాట్లాడారు, దానికి మాత్రం రిజిస్టర్ చేసుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఏమీ తగల్లేదా, వదిలేయకండి. ఆరోల్సెన్ వాళ్ళకే ఫారం నింపి పంపొచ్చు, అదీ ఉచితమే. మీకు తెలిసిన స్పెల్లింగులన్నీ, ఊరి పేరుతో సహా రాయండి. జవాబుకి నెలలు పట్టొచ్చు.